నాన్న ఫ్లాస్కు

మా ఇంట్లో జున్నుకు ఎన్నడూ కొదవ లేదు. నాన్న పశువుల డాక్టరు. ఎవరి గేదె ఈనినా రెండో రోజుకల్లా ఒక చెంబు జున్నుపాలు మా గుమ్మం దగ్గరికి వచ్చేవి. పొదిలిలో ఉన్నా, ఉదయగిరిలో ఉన్నా, నెల్లూరు టౌనులో ఉన్నా అంతే. అమ్మ బెల్లం తరిగి, మిరియాలూ యాలకులూ దంచి వేసి ఆవిరి మీద ఉడికించేది. అయితే ఆ చెంబు గుమ్మం దాటాలంటే ఒక పరీక్ష ఉండేది. నాన్న వరండాలో కుర్చీలోంచి లేవకుండానే అడిగేవాడు.

"దూడ తాగిందా?"

"తాగింది సామీ, కడుపు నిండా తాగింది."

"ఎప్పుడు తాగింది? మాయ పడకముందా, పడినాకా?"

ఇక్కడే దొరికిపోయేవాళ్ళు. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలకూడదని మా వైపు గట్టి నమ్మకం. దూడ నేల మీద పడ్డ గంటా రెండు గంటల్లోపే ముర్రుపాలు తాగాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దానికి తల్లి కడుపులో ఉండగా రాదు, ఆ పాలలోనే వస్తుంది. ఆలస్యమైన కొద్దీ పేగులు దాన్ని లోపలికి తీసుకోవడం మానేస్తాయి. ఇదంతా నాన్న పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెంబు మోసుకొచ్చిన మనిషి ఒక చేతినుంచి ఇంకో చేతికి దాన్ని మార్చుకుంటూ తల ఊపేవాడు. అమ్మ లోపలినుంచి, "ముందు ఆ చెంబు దించుకోనివ్వండి, పాఠం తర్వాత చెబుదురు గానీ" అనేది.

మా ఇంట్లో ఇంకో పాత్ర ఉండేది. దాన్ని పిల్లలెవరూ ముట్టుకోకూడదు. నీలం రంగు ఫ్లాస్కు. పైన రేకు, లోపల గాజు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న మద్రాసు వెళ్ళి సొంత డబ్బుతో కొన్నాడట. టీకా మందు సీసాల్ని అందులో ఐసుముక్కల మధ్య పెట్టి, ఫ్లాస్కును సైకిలు హాండిలుకు తగిలించుకుని పల్లెలకు పోయేవాడు. ఆఫీసు ఇచ్చిన ఐసు పెట్టె ఒకటి ఉండేది గానీ, జీపు ఉంటే తప్ప దాన్ని కదిలించలేం. జీపు ఎప్పుడూ ఇంకెవరికో కావలసి వచ్చేది.

ఒకసారి మా మేనమామ సింగరాయకొండలో రైలెక్కబోతూ ఆ ఫ్లాస్కు తీసుకుని అందులో కాఫీ పోయించుకున్నాడు. నాన్న స్నానం చేసి వచ్చి చూశాడు. మమ్మల్ని ఒక దెబ్బ కొట్టి ఎరగని మనిషి, బామ్మర్దిని పట్టుకుని వీధి వీధంతా వినపడేలా అరిచాడు. మామయ్య రెండేళ్ళు మా ఇంటికి రాలేదు. నాకప్పుడు పదమూడేళ్ళు. పాపం, కాఫీ పోసుకుంటే ఇంత గొడవా అనిపించింది.

నాన్న 1938లో కందుకూరు దగ్గర పల్లెలో పుట్టాడు. అది ఏ జిల్లా అని అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. నాన్న పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. అప్పటికి నాన్న లేడు. ఉంటే, ఇల్లు కదలకుండా రెండు బదిలీలయ్యాయని నవ్వుకునేవాడు.

మా తాతయ్యకు ఒక జత ఒంగోలు ఎద్దులు, రెండు ఆవులు, కొన్ని గేదెలు ఉండేవి. ఎద్దులకు పెట్టే మేత గురించి నాయనమ్మ చెబుతుంటే మా నోరూరేది. జొన్నచొప్ప, పిల్లిపెసర, చలికాలం ఉడకబెట్టిన ఉలవలు. పిల్లలకు లేకపోయినా ఎద్దులకు ఉలవలు ఉండాల్సిందే. నాన్నకు ఎనిమిదేళ్ళప్పుడు ఊళ్ళోకి ముసర వచ్చింది. కొన్ని ఊళ్ళలో దాన్ని పెద్దరోగం అనేవాళ్ళు, పేరు పలకడం కూడా ఇష్టం లేక. ముందు జ్వరం. తర్వాత కళ్ళనుంచి, ముక్కునుంచి కారడం. నోట్లో చిగుళ్ళ మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర, అది ఊడిపోయి పుండ్లు. ఆపైన ఆగని పారుడు. వారం పది రోజుల్లో అంత పెద్ద ఎద్దు ఎముకల గూడై కూలిపోయేది. తాతయ్య చావిట్లో తొమ్మిది గొడ్లకు ఒక్క పెయ్యదూడ మిగిలింది. చచ్చిన ఎద్దుల్ని లాక్కుపోవడానికి బతికున్న ఎద్దుల్లేక మనుషులే తాళ్ళు కట్టి ఈడ్చారట. తాతయ్య ఆ తర్వాత చాలాకాలం సాయంత్రం పూట ఖాళీ చావిట్లోకి పోయి కూర్చునేవాడని నాయనమ్మ చెప్పేది.

అందుకే పశువైద్యం చదివావా అని నాన్నను ఎవరైనా అడిగితే, "కాదు, ఎంబీబీఎస్‌కు మార్కులు చాల్లేదు" అనేవాడు. ఆ మాట నిజమే. కానీ పూర్తిగా నిజమని నేను ఇప్పటికీ నమ్మను.

తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955లో పెట్టారు. నాన్న మరుసటి ఏడు చేరాడు. ఆ రోజుల గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. పరీక్షల ముందు కొండకు నడిచి వెళ్ళడం, హాస్టల్లో నీళ్ళ మజ్జిగ, అంతే. 1960లో పొదిలిలో ఉద్యోగం. 1963లో పెళ్ళి. 1965లో నేను. నేను ఇంకా సరిగ్గా నడవకముందే నాన్న పైచదువుకని ఢిల్లీ బండెక్కి, అక్కడినుంచి బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌కు వెళ్ళాడు. పశువైద్య పరిశోధనకు దేశంలో అదే పెద్ద సంస్థ. అది మొదలైంది 1889లో పూనాలో. రోగపు క్రిములతో పని కాబట్టి ఊళ్ళకు దూరంగా ఉండాలని దాన్ని హిమాలయాల్లో ముక్తేశ్వర్ అనే కొండ మీదకు మార్చారు. మొదట ఆ లేబొరేటరీ వాళ్ళ పెద్ద శత్రువు ముసరే.

నాన్న ముక్తేశ్వర్‌లోనూ కొన్నాళ్ళు ఉన్నాడు. కందుకూరు ఎండల్లో పుట్టిన మనిషి జీవితంలో మొదటిసారి మంచు చూసింది అక్కడే. అమ్మకు రాసిన ఉత్తరంలో, "ఇక్కడ ఐసుకు ఫ్యాక్టరీ అక్కర్లేదు, తలుపు తీస్తే చాలు" అని రాశాడు. అమ్మకు ఆ జోకు అప్పట్లో అర్థం కాలేదట. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఐసు కోసం ఎన్ని మైళ్ళు తొక్కాడో తర్వాత చూశాక అర్థమైందంది. మైక్రోస్కోపు మీద కూర్చునేవాళ్ళకు దేవుడిలాంటి రాబర్ట్ కోచ్ కూడా ఆ కొండకు వచ్చివెళ్ళాడని నాన్న గర్వంగా చెప్పేవాడు. 1920లలో ఎడ్వర్డ్స్ అనే ఆయన ముసర వైరసును మేకల్లో మార్చి మార్చి ఎక్కించి, దాని పదును తగ్గించి టీకా తయారుచేసింది అక్కడే. 1954లో ప్రభుత్వం దేశమంతా ముసర నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్న ఆయుధం ఆ మేక టీకానే. మన నాటు పశువులు దానికి తట్టుకునేవి. జెర్సీ సంకరం ఆవులు వచ్చాక చిక్కొచ్చింది. టీకా వేస్తే వాటికి జ్వరాలు ముదిరేవి. అప్పటికే కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ కణాల్లో పెంచిన కొత్త టీకా చేశాడు. నాన్న తిరిగివచ్చి హైదరాబాదులో టీకాలు తయారుచేసే సంస్థలో చేరింది ఆ పని మీదే.

హైదరాబాదులో మేమున్న ఎనిమిదేళ్ళలో నాకు బాగా గుర్తున్నది గులాబీ రంగు సీసాలు. సెలవు రోజు నన్నూ చెల్లెల్నీ లేబొరేటరీకి తీసుకెళ్ళేవాడు. లోపలికి రానివ్వడు, అద్దంలోంచి చూడాలి. చదునైన గాజు సీసాలు వరసగా పడుకోబెట్టి ఉండేవి, వాటిలో రోజ్ మిల్కులా ఏదో. దూడ మూత్రపిండం కణాల్ని ఆ నీళ్ళలో పెంచి, వాటి మీద వైరసును పెంచుతారట. చెల్లెలు అది తాగుతానని ఏడిచేది. ఆ నీళ్ళలో కలిపిన రంగు, పులుపు పెరిగితే పసుపుకు తిరుగుతుంది. కణాలు బాగా పెరిగినా కొంత తిరుగుతుంది. కానీ రాత్రికి రాత్రి పసుపై, పైగా మసకబారిందంటే బాక్టీరియా పడ్డట్టే. ఆ విడత మొత్తం పారబొయ్యాలి. నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పే తీరును బట్టి అమ్మ చెప్పేసేది, "ఇవాళ పసుపు". ఆ రోజు రాత్రి మేం గోల చెయ్యకుండా అన్నాలు తిని పడుకునేవాళ్ళం.

1978లో ఉదయగిరికి బదిలీ అయింది. లేబొరేటరీలో కూర్చున్నవాణ్ణి పట్టుకెళ్ళి కొండ కింద పడేశారని అమ్మ బాధ. నాన్న మాత్రం సంతోషంగానే వెళ్ళాడు. ఆ మెట్ట ఊళ్ళలో గొర్రెలు ఎక్కువ. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెల్లో అన్నిటికన్నా పొడవరి. తెల్లగా ఉంటే పల్ల, మొహం మీద నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమ రంగుదైతే దొర. పెళ్ళిళ్ళలో దగ్గర బంధువుల పేర్లు గుర్తురాక తడబడే నాన్న, గొర్రెను చూసి అది ఎవరి మందలోదో చెప్పేసేవాడు. తొలకరి పడి లేత గడ్డి మొలిచిందంటే కాపరులకు గుండె దడ. బాగా బలిసిన పిల్లలే చిటికె వేసినంతలో గిలగిలా కొట్టుకుని చచ్చిపోయేవి. చిటుకు రోగం. వాన పడకముందే టీకా వేయించాలని నాన్న ఎండాకాలమంతా మందల వెంట తిరిగేవాడు.

ఉదయగిరి రోజుల్లో జరిగిన ఒక సంగతి మా ఇంట్లో వంద సార్లు చెప్పుకుని ఉంటాం. పక్క తాలూకాలో ముసర తగిలిందని తెలిసి నాన్న ఒక ఊరికి టీకాలు వెయ్యడానికి పోయాడు. ఊళ్ళో గొడ్లే లేవు. అన్నిటినీ తెల్లారకముందే అడవిలోకి తోలేశారు. సూది వేస్తే పాలు తగ్గుతాయనీ, చూడి గొడ్లు ఈసుకుపోతాయనీ భయం. మూడుసార్లు పోయాడు, మూడుసార్లూ అదే తంతు. నాలుగోసారి పోతే ఊరి మొగదల జనం గుంజలు పాతుతున్నారు. రోగం రాకుండా వేపమండలు కట్టిన తాడును అడ్డంగా కట్టి, మంత్రించి, ఊళ్ళో ప్రతి గొడ్డునూ దాని కిందుగా తోలతారు. ఒక్కటి తప్పినా ఊరంతటికీ దోషం. నాన్న పోలేరమ్మ పూజారి పక్కన వెళ్ళి కూర్చున్నాడు. బీడీ కాల్చని మనిషి ఆయనతో పాటు బీడీ కూడా కాల్చాడని కాంపౌండరు తర్వాత అమ్మకు చెప్పాడు.

"పెద్దయ్యా, తోరణం మీరు కట్టండి. నేను దీనికి వ్యతిరేకం కాదు. కానీ తోరణం దాటి అవతల కాలు పెట్టిన ప్రతిదానికీ నా సూది కూడా తగలాలి. అమ్మవారిదీ నాదీ ఒకటే పని గదా."

పూజారి కాసేపు ఆలోచించి, "అట్నే కానీ డాక్టరయ్యా. అమ్మ ఒద్దంటే నీ సూది ఇరిగిపోద్దిలే" అన్నాడట. సూది విరగలేదు. ఫ్లాస్కులోంచి సీసా తియ్యడం, చల్లటి సెలైనులో పొడి కలపడం, చర్మం కింద ఒక్క మిల్లీలీటరు. కలిపిన మందు ఎండ తగలకుండా ఐసులో ఉంచి, గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. లేకపోతే అది ఉత్త నీళ్ళు. ఆ రోజు మధ్యాహ్నానికి మూడు వందల పైచిలుకు గొడ్లు తోరణం దాటాయి. లెక్కల్లో లేని గొడ్లు కూడా బయటపడ్డాయి. ఊళ్ళో దాచినవాటిని అమ్మవారి దగ్గర దాచలేరు గదా. ఈ సంగతి తెలిసి పైఅధికారి ఒకాయన, మూఢనమ్మకాల్ని ప్రోత్సహించావని నాన్న మీద కోప్పడ్డాడు. నాన్న రిజిస్టర్లో "గ్రామస్థుల సహకారంతో" అని రాసి ఊరుకున్నాడు.

1984లో నెల్లూరు వచ్చాం. జబ్బులు నిర్ధారించే చిన్న లేబొరేటరీ, రెండు గదులు, ఒక ఫ్రిజ్జు. మూలాపేటలో అద్దె ఇల్లు. నాన్న పదవీ విరమణ దాకా అక్కడే. స్లైడ్ల మీద అంటించే చీటీలు అమ్మే రాసిపెట్టేది. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. వంటింట్లో పోపుల పెట్టె పక్కన చీటీలు ఆరబెట్టిన రోజులున్నాయి.

1988లో కందుకూరులో నా పెళ్ళి. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకు. ఆరింటికి ఒక గొల్లాయన గోనెసంచిలో చచ్చిన గొర్రెను మోసుకుని కల్యాణమండపానికే వచ్చాడు. మందలో పదిహేను పోయాయట. ముక్కు కారడం, నోట్లో పుండ్లు, పారుడు. నాన్న పట్టుపంచె పైకి దోపుకుని వంటపందిరి వెనక్కి వెళ్ళాడు. ఆ ముందు ఏడాదే, 1987లో, తమిళనాడులో గొర్రెలకు ఒక కొత్త రోగం ఉందని మనదేశంలో మొదటిసారి తేల్చారు. పీపీఆర్ అంటారు, మనవాళ్ళు పారుడు రోగం అంటున్నారు. దాని వైరసు ముసర వైరసుకు దాయాది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాల్సింది లేబొరేటరీలోనే. చచ్చిన గొర్రెది ముసరైతే, గొడ్లలో అణిగిపోతున్న రోగం గొర్రెల్లో దాక్కుందని అర్థం. అంటే ముప్పై ఏళ్ళ పని మళ్ళీ మొదటికి. కాకపోతే దారి వేరు. నాన్నకు ఆ ఉదయం కూతురి పెళ్ళికన్నా ఇదే పెద్దదిగా కనపడిందంటే ఇవాళ నేను తప్పు పట్టను. ఆ రోజు పట్టాను.

గొర్రెను కోసి, గ్రంథులూ పేగు ముక్కలూ చిన్న సీసాల్లోకి తీసి, ఐసు వేసి, ఫ్లాస్కులో పెట్టి మూత బిగించి, రెండోసారి స్నానం చేసి వచ్చి కన్యాదానం చేశాడు. ఫ్లాస్కు సామాన్ల గదిలో పసుపు కుంకుమ పళ్ళేల పక్కన ఉంది. మా అత్తగారి వైపు పెద్దావిడ ఒకరు వేడి పాలున్నాయేమోనని దాని మూత తిప్పబోయింది. అమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తి ఆమె చేతిలోంచి లాక్కుంది. వియ్యాలవారికి అది నెల రోజులు చర్చ.

ఆ రాత్రి అటెండరు చేతికిచ్చి ఫ్లాస్కును హైదరాబాదు బస్సులో పంపాడు. దారిలో బస్సు చెడిపోయి ఎక్కడో ఆరు గంటలు ఆగిపోయింది. ఐసు కరిగిపోయింది. చేరేసరికి లోపలున్నది దేనికీ పనికిరాదు. నాన్న మళ్ళీ ఆ మంద దగ్గరికి వెళ్ళేసరికి పోవాల్సినవి పోయాయి, మిగిలినవి తేరుకున్నాయి. ఆ గొర్రె దేంతో చచ్చిందో ఎప్పటికీ తేలలేదు. కొన్ని నెలల తర్వాత నేను పుట్టింటికి వచ్చినప్పుడు, మాటల్లో మాటగా, "ఆ రోజు నీ పెళ్ళి కాకపోతే నేనే తీసుకెళ్ళి ఉండేవాణ్ణి" అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. నాన్నకు ఎందుకు వెళ్ళానో కూడా తెలిసినట్టు లేదు.

మరుసటి ఏడు నవంబరులో పురిటికి నెల్లూరులో ఉన్నాను. 1989 నవంబరు రెండో వారంలో ఒక రాత్రి తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. ఆ గాలి చప్పుడు విన్నవాళ్ళెవరూ మర్చిపోరు. తెల్లారి చూస్తే వీధిలో చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి, కరెంటు లేదు. నాన్న ఆ మధ్యాహ్నమే కావలి వైపు వెళ్ళిపోయాడు. సముద్రం దగ్గరి ఊళ్ళలో చచ్చిన గొడ్లను గోతులు తీసి సున్నం పోసి పూడ్పించడం, మిగిలినవాటికి గొంతువాపు టీకాలు వెయ్యడం. ఐసుకు కరెంటు లేదు. గూడూరు వైపునుంచి వచ్చే చేపల లారీల్ని రోడ్డు మీద ఆపి ఐసు అడుక్కున్నామని డ్రైవరు చెప్పాడు.

రెండు రోజులకు నాకు బాబు పుట్టాడు. కబురు ఎలా అందిందో తెలియదు. మర్నాడు జీపు డ్రైవరు ఒక చీటీ తెచ్చిచ్చాడు. మందు లేబులు వెనక పెన్సిలుతో రాసిన రెండు ముక్కలు. "ముర్రుపాలు పిండి పారబొయ్యొద్దు. వెంటనే పట్టించండి." ఎలా ఉన్నావు లేదు, ఎవరి పోలిక లేదు. మా నాయనమ్మకు ఒళ్ళు మండిపోయింది. మూడో రోజు దాకా ఆముదం చుక్కలూ తేనే తప్ప పాలు పట్టరాదని ఆమె లెక్క. "వీడికి గొడ్డుకీ బిడ్డకీ తేడా తెలవదే" అని అరిచింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా బాబును నా ఒళ్ళో పెట్టింది.

పదకొండో రోజు నాన్న వచ్చాడు. గడ్డం, బురద, ఒంటినుంచి సున్నం వాసన. పెరట్లోనే బట్టలు విప్పేసి రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నాడు. అయినా గది లోపలికి రాలేదు. "చచ్చిన గొడ్ల మధ్యనుంచి వస్తున్నా. రెండు రోజులు పోనీ" అని గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. చాలాసేపు చూశాక అడిగాడు.

"తాగాడా?"

"తాగాడు నాన్నా."

"ఎప్పుడు?"

"చీటీ రాగానే."

తల ఊపి వెళ్ళిపోయాడు. పెళ్ళినాటి కోపం ఎప్పుడు పోయిందంటే అప్పుడు పోయింది.

తర్వాతి సంగతులు గబగబా చెప్పేస్తాను. మనదేశంలో చివరిసారి ముసర కనపడింది 1995లో, తమిళనాడులో. 1996లో నాన్న రిటైరయ్యాడు. పూలదండ, శాలువా, గోడ గడియారం. ఆ రోజుల్లో ఆయన్ను తొలిచింది ఏమిటంటే, టీకాలు ఆపెయ్యాలన్న నిర్ణయం. టీకా వేసిన గొడ్డు రక్తం చూస్తే రోగాన్ని ఎదుర్కొన్న ఆనవాళ్ళు ఎలాగూ ఉంటాయి. అవి సూదివల్ల వచ్చాయో, నిజంగా రోగం తిరుగుతోందో చెప్పలేం. కాబట్టి రోగం లేదని రుజువు చెయ్యాలంటే ముందు టీకా మానెయ్యాలి. మానేశాక ఊరూరా వెతకాలి. ముప్పై ఆరేళ్ళు సూది వేసిన మనిషికి ఇది మింగుడు పడలేదు. "తలుపు తీసిపెట్టి దొంగ రాలేదని చూపించడం" అనేవాడు. కానీ లెక్క సరైనదే అని కూడా అనేవాడు. రిటైరయ్యాక కూడా సంతలకు పోయి, అక్కర్లేకపోయినా, గొడ్ల మూతులు తెరిచి చిగుళ్ళు చూసి వచ్చేవాడు. సంతలో బేరగాళ్ళు కొనబోతున్నాడనుకుని వెంటపడేవాళ్ళు.

అప్పట్లో ఆయన చేతికి చిక్కిన ప్రతి అల్లుడికీ, మనవడికీ ఒక కథ తప్పేది కాదు. బ్రెజిల్లో ఇవాళ మాంసం కోసం పెంచే పశువుల్లో చాలావరకు మన ఒంగోలు జాతి సంతానం. అక్కడ వాటి పేరు నెలోర్. ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. 1920లో ఇండియానుంచి బ్రెజిల్ పోతున్న మూపురం పశువుల్ని దారిలో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో దించితే, వాటితో పాటు ముసర కూడా దిగింది. యూరప్ హడలిపోయింది. ఆ దెబ్బకే 1924లో దేశాలన్నీ కలిసి పారిస్‌లో పశురోగాలకు ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నాయి. "చూశావా, మన గొడ్లు వెళ్ళి పారిస్‌లో ఆఫీసు తెరిపించాయి" అని ముగించేవాడు. మా ఆయన ఈ కథ కనీసం పది సార్లు విని ఉంటాడు. ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టే విన్నాడు, ఆ మాట చెప్పుకోవాలి.

2006లో మనదేశానికి ముసర లేదని ధ్రువపత్రం వచ్చింది. 2011 మే నెలలో ఆ పారిస్ సంస్థ, జూన్ 28న ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచంలోనే ముసర లేదని ప్రకటించాయి. మనుషుల మశూచి తర్వాత భూమ్మీద లేకుండా పోయిన రెండో రోగం ఇదే. ఆ వార్త పేపర్లో లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. నేను ఆ వారం నెల్లూరులోనే ఉన్నాను. నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివాడు, ఇంకోసారి చదివాడు. పేపరు మడిచి అమ్మకిచ్చాడు. అమ్మ చదివి, "మీ పేరు లేదే" అంది. "ఎందుకుంటుంది?" అన్నాడు.

మా అబ్బాయి అక్కడే ఉన్నాడు, అప్పుడు వాడికి ఇరవై రెండో ఏడు. "ముసర అంటే ఏంటి తాతా?" అని అడిగాడు. ఇంట్లో ఇన్నేళ్ళు ఆ మాట నలిగినా, వాడి చెవిన సరిగ్గా పడనే లేదు. నాన్న చెప్పడం మొదలుపెట్టి, చిగుళ్ళ మీద తెల్లపొర దాకా వచ్చి ఆగిపోయాడు. "పోనీలేరా, ఇక నీకెందుకు" అన్నాడు.

ఆ శనివారం అందరం మాలకొండకు బయల్దేరాం. అక్కడ నరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తీస్తారు. పొద్దున్నే నాన్న స్టూలు వేసుకుని అటక మీదనుంచి ఫ్లాస్కు దించాడు. లోపలి గాజు రెండుసార్లు పగిలి ట్రంకురోడ్డులో మార్పించింది, పైన నీలం రంగు సగం పోయింది. వేడినీళ్ళూ సోడా వేసి తనే తోమి, ఎండలో బోర్లించి, వంటింట్లోకి తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"ఇందులో కాఫీ పొయ్యి."

అమ్మ ఆయన వంక చూసింది. "దాంట్లోనా? నేను పొయ్యను. గొడ్లమందూ, గొర్రె పేగులూ పెట్టిన దాంట్లో."

నాన్న ఏమీ అనకుండా తనే పోసుకున్నాడు. కొండ కింద చింతచెట్టు నీడన కారు ఆపి అందరికీ గ్లాసుల్లో వంచాడు. మామయ్యకు ముందు ఇచ్చాడు. మామయ్య నవ్వలేక నవ్వి పుచ్చుకున్నాడు. అమ్మ వద్దు వద్దంటూనే చివరికి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"మందు వాసన వస్తోంది."

నాన్న ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"మందుకు వాసన ఉండదే" అన్నాడు.